ఏడో మలుపు రాయి

రసాయన ప్రయోగశాల, మూడో అంతస్తు
మార్చి 6

అక్కా,

ముందు నా కాలి సంగతి. చీలమండలో సన్నని పగులట. ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నారు. ఎలా పడ్డావని డాక్టరు గారు అడిగితే కొండ చూస్తూ నడిచానని చెప్పాను. నేల చూస్తూ నడవాలమ్మా అన్నారు. రాళ్ళనే నమ్ముకుని బతుకుతున్న నాకు ఆ మాట ఆయన చేత చెప్పించుకోవాల్సి వచ్చింది.

మొదటి మలుపులోనే జారి, అదీ సరిగ్గా నీ బస్సు ముందే పడ్డానని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నువ్వు నన్ను భుజాన వేసుకుని బస్సెక్కించిన సంగతి అసలే చెప్పలేదు.

ఇక అసలు పని. నువ్వు రోజూ ఆ కనుమ ఎక్కి దిగుతావు కదా. దారిలో పన్నెండు మలుపులు. ప్రతి మలుపు దగ్గరా రోడ్డు కోసం కొండని నిలువునా కోశారు. ఒక్కో కోతలో ఒక్కో కాలపు లావా బయటపడింది. ఒకదాని మీద ఒకటి, దుప్పట్లు మడతపెట్టి పేర్చినట్టు. ఆ పన్నెండింటిలోంచీ నాకు ఒక్కో ముక్క కావాలి. రెండు పిడికిళ్ళంత ఉంటే చాలు. నేను కదలలేను. నువ్వు తప్ప నాకు దిక్కు లేదు.

దారి పక్కన దొర్లుతున్న రాయి మాత్రం వద్దు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. గోడలా నిలబడ్డ రాతి నుంచే కొట్టి తీయాలి. తీసిన వెంటనే కాగితంలో చుట్టి, పైన మలుపు నంబరు వెయ్యి. రంగు, ఆయిలు తగలనివ్వకు. మా యంత్రం పది లక్షల పాళ్ళలో ఒక్క పాలు ఉన్నా పట్టేస్తుంది. రాయి నలగ్గొట్టే గదిలోకి మమ్మల్ని వేలికి ఉంగరంతో కూడా రానివ్వరు.

ఫోనులో చెబుదామంటే నీ డిపో దగ్గర రెండు మాటలకే లైను తెగిపోతుంది. పైగా రాళ్ళు ఎలాగూ పార్సిల్లోనే రావాలి. వాటితో ఒక ఉత్తరం కూడా పడెయ్యి.

నీ
పిచ్చుక


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
మార్చి 20

పిచ్చుకా,

అయిదు రాళ్ళు పంపుతున్నాను. జాగ్రత్తగా విప్పు. మూడో నంబరు అంచు కత్తిలా ఉంది, నా బొటనవేలికి తెలుసు.

ఖాళీ బస్సుతో వెళ్ళినప్పుడు గుట్టుగా కొట్టుకొద్దామనుకున్నాను. కుదరలేదు. మొదటి మలుపు దగ్గర బస్సాపి దిగగానే ప్రయాణికులందరూ నా వెనకే దిగారు. మా చెల్లెలికి రాయి కావాలని ఉన్నమాట చెప్పేశాను. ఇక చూడు. ఈ వైపుది మంచిదని ఒకరు, అది పుచ్చిపోయింది ఇటు కొట్టమని ఇంకొకరు. గొడుగుతో నడిచే ఒక పెద్దావిడ గోడంతా తట్టి చూసి, "ఇక్కడ గట్టిగా మోగుతోంది, ఇక్కడే కొట్టు" అంది. అక్కడే కొట్టాను. రెండో రోజుకి టిక్కెట్టు తీసుకుంటూనే ఇవాళ ఎన్నో మలుపని అడుగుతున్నారు. రోజుకొక మలుపు దగ్గర నాలుగు నిమిషాలు. ఆలస్యమైందని ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు.

మొదట జాకీ రాడ్డుతో బాదాను. రాడ్డు వంగింది, రాయి వంగలేదు. మా డిపో మెకానిక్ ఉన్నాడుగా, నోట్లోంచి ఒక్క మాట ఊడిపడితే మేమంతా పండగ చేసుకునే రకం, అతను ఆ రాడ్డు చూసి ఏమీ అడగలేదు. మర్నాడు బస్సు కింద కుదుపు ఆపే పాత కమాను పట్టీతో ఒక సుత్తి చేసి నా సీటు మీద పెట్టాడు. దెబ్బకి ఒక ముక్క వస్తోంది.

ఇంతకీ దేని కోసం వెతుకుతున్నావు? బస్సులో సగం మంది బంగారం అంటున్నారు. కాదని చెప్పాను, కానీ ఏమిటో చెప్పలేకపోయాను. నలుగురిలో పరువు పోతోంది. అర్థమయ్యేలా రాయి.

కాలు కిందపెట్టకు.

అక్క


రసాయన ప్రయోగశాల
ఏప్రిల్ 2

అక్కా,

అయిదూ అందాయి. గొడుగు పెద్దావిడకి నా నమస్కారాలు. ఆవిడ మోగించి ఎంచిన రాయిలో ఎక్కడా పుచ్చు లేదు. మా దగ్గర చదువుకునేవాళ్ళకి రెండేళ్ళు నేర్పినా ఆ చెవి రాదు.

బంగారం కాదు. నీ ప్రయాణికులకి ఇలా చెప్పు. భూమి కింద కరిగిన రాయి ఉంటుంది. దాన్ని నిండు బస్సు అనుకో. చల్లబడేకొద్దీ అందులో గింజలు గట్టిపడతాయి. గింజలంటే సీట్లు. మొదట ఆకుపచ్చ గింజలు వస్తాయి. నికెల్‌కి ఆ సీటు కొలతకి కుట్టినట్టు సరిపోతుంది, పరిగెత్తుకెళ్ళి కూర్చుంటుంది. థోరియం, లాంథనం లాంటివాటికి ఏ సీటూ పట్టదు. నిలబడే ప్రయాణం. గింజలు బరువెక్కి అడుగుకి చేరుకుంటాయి, కూర్చున్నవాళ్ళు వాటితోపాటే దిగిపోతారు. కరిగిన రాయి తగ్గుతూ ఉంటుంది, నిలబడ్డవాళ్ళు మాత్రం అందులోనే ఉంటారు. చివరి స్టాపు దగ్గరపడేసరికి తొక్కిడే తొక్కిడి. ఒక రాతిలో నికెల్ ఎంత తగ్గిందో, థోరియం ఎంత పెరిగిందో చూస్తే ఆ బస్సు ఎన్ని స్టాపులు దాటి వచ్చిందో చెప్పెయ్యొచ్చు. ఇవన్నీ రాతిలో చిటికెడు కూడా ఉండవు. ఆ రాయి కథ చెప్పేది మాత్రం అవే.

ఇప్పుడు తమాషా విను. లాంథనంతో మొదలయ్యే ఒక పెద్ద కుటుంబం ఉంది. పద్నాలుగు మంది అన్నదమ్ములు, ఒకరి తరవాత ఒకరు కాస్త కాస్త చిన్నవాళ్ళు. బుద్ధిగా వరసలో నడుస్తారు. మధ్యలో యూరోపియం అని ఒకడున్నాడు. వాడు అప్పుడప్పుడు కాల్షియం వేషం వేస్తాడు. ఆ వేషంలో ఫెల్డ్‌స్పార్ అనే తెల్లగింజ వాడిని చేరదీస్తుంది, మిగతా అన్నదమ్ముల్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

నీ అయిదు రాళ్ళలోనూ వాడు తక్కువ. గ్రాఫు గీస్తే వరసలో పన్ను ఊడినట్టు అక్కడొక గుంట. అంటే తెల్లగింజలు వాడిని ఎక్కించుకుని ఎక్కడో దిగిపోయాయి. ఎక్కడ దిగాయో ఈ కొండల్లో ఇంతవరకూ ఎవరికీ కనపడలేదు. మా పెద్ద సారు ఏళ్ళ తరబడి వెతికారు. అవి మైళ్ళ లోతున ఉండిపోయాయి, మనిషన్నవాడు చూడలేడు అని ముప్పై ఏళ్ళ కిందటే పుస్తకంలో రాసేశారు కూడా.

మిగతా ఏడూ తొందరగా పంపు. నాకు నిద్ర పట్టడం లేదు, కాలి నొప్పి వల్ల కాదు.

పిచ్చుక

మరొక మాట. ఆ మెకానిక్‌కి సుత్తి బాగుందని చెప్పు.


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
ఏప్రిల్ 24

పిచ్చుకా,

ఆరు నుంచి పన్నెండు దాకా అన్నీ ఉన్నాయి. వారం రోజులు వాన, అందుకే ఆలస్యం. ఏడో మలుపు దగ్గర కొండ విరిగిపడి దారి మూసేశారు కూడా. ఇప్పుడు తెరిచారు. ఏడో నంబరుకి ఒక పక్క కాస్త గ్రీజు అంటింది, పట్టించుకోకు. బస్సన్నాక గ్రీజు ఉంటుంది.

నీ పద్నాలుగు మంది అన్నదమ్ముల కథ బస్సులో చెప్పాను. అందరూ యూరోపియం పక్షమే. గొడుగు పెద్దావిడ, వాడిది తప్పు కాదు, కూర్చోమన్నవాళ్ళ దగ్గర ఎవరైనా కూర్చుంటారు అంది.

మెకానిక్ గారికి సుత్తి బాగుందని చెప్పాను. ఆయన తలాడించారు. అది ఆయన లెక్కలో ఉపన్యాసం.

ఇక్కడ విశేషాలేమీ లేవు. కట్టు విప్పాక కూడా జాగ్రత్త.

అక్క


రసాయన ప్రయోగశాల
మే 13

అక్కా,

కూర్చుని చదువు. బస్సులో అయితే హ్యాండ్ బ్రేకు వేసి చదువు.

దొరికాడు.

నీ ఏడో నంబరు పొట్లం విప్పగానే కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళాను. మిగతావన్నీ నల్లరాళ్ళు. ఇది బూడిద తెలుపు, కంటికి కనపడేంత లావు గింజలు, సగానికి పైగా ఫెల్డ్‌స్పార్. గ్రీజు ఉన్న పక్క రంపంతో కోసి పారేశాను. నలగ్గొట్టి, పొడి చేసి, ఆసిడ్‌లో రెండు రోజులు వేడి పలక మీద ఉంచి యంత్రానికి పెట్టాను. అంకెలు తెర మీద ఒక్కొక్కటే వస్తుంటే కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ పోయాను. యూరోపియం దగ్గర చుక్క పెట్టాల్సిన చోటు కాగితం దాటిపోయింది. గుంట కాదక్కా, గోపురం. అన్ని రాళ్ళలో తగ్గినవాడు ఇందులో పోగై కూర్చున్నాడు. జిర్కోనియానికీ నియోబియానికీ ఉన్న నిష్పత్తి చూశాను. అవి రెండూ ఎప్పుడూ నిలబడి ప్రయాణం చేసేవే. ఆ నిష్పత్తి మిగతా పదకొండు రాళ్ళలో ఎంతో ఇందులోనూ అంతే. అంటే ఇది అదే బస్సులోంచి దిగింది.

కట్టు విప్పిన కాలితో నడవాలో లేదో కూడా గుర్తు లేదు, మూడు అంతస్తులూ దిగి మళ్ళీ ఎక్కాను. దారిలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. యంత్రాలు బాగుచేసే ఆయన, కాంటీనులో టీ పోసే ఆవిడ, ఎవరో పొరపాటున మా అంతస్తుకి వచ్చిన పోస్టుమాన్. పెద్ద సారు గ్రాఫు చూసి కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచారు. సెప్టెంబరు సదస్సులో నువ్వే చెప్పాలన్నారు. "కనుమ దారి ఏడో మలుపు వద్ద ఇంతవరకూ కనపడని శిల" అని శీర్షిక పంపేశాం.

ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెబుతున్నాను. సెప్టెంబరుతో నా ఉద్యోగం అయిపోతుంది. సొంతంగా ఏదైనా తేల్చి చూపిస్తే తప్ప పొడిగించరని జనవరిలోనే అన్నారు. నువ్వు బెంగ పెట్టుకుంటావని దాచాను. ఇక బెంగ లేదు. నీ సుత్తి దెబ్బతో నా బతుకు నిలబడింది.

ఇంకొక సంగతి. మార్చిలో మెకానిక్ "అతను". ఏప్రిల్‌లో మెకానిక్ గారు, "ఆయన". నేను పది లక్షల్లో ఒక్క పాలు తేడా పట్టే ఉద్యోగం చేస్తున్నాను. ఏమిటి సంగతి?

నీ పిచ్చి
పిచ్చుక


ఇంట్లో, వంటగది బల్ల మీద
మే 18

పిచ్చుకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో. తరవాత మూడుసార్లు ఏడో నంబరు దగ్గర ఆగిపోతూ.

ఏడో నంబరు రాయి ఏడో మలుపుది కాదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఏడో మలుపు దగ్గర వానలో తడుస్తూ నువ్వు చెప్పినట్టే కొట్టాను. నల్లరాయి, మిగతావాటిలాంటిదే. కాగితంలో చుట్టి నా సీటు పక్కన పెట్టాను. కింద స్టాపులో ఒకావిడ తన పొట్లం బదులు దాన్ని తీసుకుని దిగిపోయింది. ఆవిడ అగరొత్తుల పొట్లం నాకు మిగిలింది. మర్నాడే కొండ విరిగిపడి దారి మూశారు. ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేదు, తెరిచాక కూడా ఆ గోడ చాలా రోజులు మట్టి కిందే ఉంది. నువ్వేమో నిద్ర పట్టడం లేదని రాశావు.

ఆ ఆదివారం నేను మెకానిక్ గారి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారు టీకి రమ్మన్నారు. రమ్మన్నది వాళ్ళమ్మగారే, కానీ పిలిపించింది ఆయన. షెడ్డులో వాళ్ళ బండి చక్రం కింద ఒక రాయి ఉంది. అది ఇస్తారా అని అడిగాను. ఎందుకని కూడా అడగకుండా సగానికి పగలగొట్టి ఇచ్చారు. దాని మీద ఏడు అని రాశాను. రాయి రాయే కదా అనుకున్నాను. పన్నెండింటిలో ఒకటి, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నువ్వు ఆకుపచ్చ గింజలూ తెల్లగింజలూ అని అంత వివరంగా రాశాక కూడా అలా అనుకోవడానికి నాకు సిగ్గులేకపోయింది.

అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. కానీ ఆ రాయి ఎక్కడిదని నువ్వు అడుగుతావు. అది చెబితే ఆదివారం పూట ఆ ఇంట్లో నాకేం పని అని అడుగుతావు. అమ్మ పోయిన ఏడాది చుట్టాలందరి ముందూ, చెల్లెలు స్థిరపడి దాని పెళ్ళయ్యేదాకా నా ఊసు ఎత్తొద్దని తెగేసి చెప్పినదాన్ని నేను. పదేళ్ళు ఆ మాట మీద నిలబడ్డాను. ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, ఒక మనిషి టిఫిన్ డబ్బా తెరిచి ఏమీ మాట్లాడకుండా సగం నా వైపు జరిపితే రోజంతా నవ్వు వస్తోందని నీకు ఏ మొహంతో రాయను?

ఒక అబద్ధాన్ని దాచడానికి ఇంకొకటి పంపాను. నీ ఉద్యోగం దాని మీద నిలబడి ఉందని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ కొండ నేనే ఎత్తి పక్కన పెట్టేదాన్ని.

మీ సారుతో నేనే వచ్చి చెప్పనా?

అక్క


రసాయన ప్రయోగశాల
మే 22

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఏడో నంబరు పొడి సీసా మీద కాగితం చింపి పక్కన పెట్టాను. పెద్ద సారు ఊళ్ళో లేరు, వచ్చాక నేనే చెబుతాను. నువ్వు రావద్దు.

ఇంతకన్నా ఇప్పుడు రాయలేను.


డిపో వర్క్‌షాపు
మే 27

అమ్మాయి గారికి,

నేను మెకానిక్‌ని. ఉత్తరాలు రాయడం అలవాటు లేదు, తప్పులుంటే మన్నించాలి.

జరిగింది మీ అక్కగారు చెప్పారు. ఆ రాయి మా పెరట్లో బావిది. నేను చిన్నప్పుడు మా నాన్న తవ్వించారు. ముప్పై మూడు అడుగుల వరకూ నల్లరాయి. తరవాత తెల్లటిది తగిలింది. ఎనిమిది అడుగులు అందులో తవ్వి, నీళ్ళు పడక వదిలేశారు. మొత్తం నలభై ఒకటి. నిన్న నేను తాడు కట్టుకుని దిగి కొలిచాను. ముప్పై నాలుగు, ముప్పై ఏడు, నలభై అడుగుల దగ్గర ఒక్కొక్క ముక్క గోడ నుంచి కొట్టి తీశాను. దొర్లుతున్నవి కావు. గ్రీజు తగలకుండా కొత్త గుడ్డలో చుట్టాను. బావి బొమ్మ గీసి అడుగులు వేశాను, అది కూడా ఇందులో ఉంది.

మీ అక్కగారికి ఈ పార్సిల్ సంగతి తెలియదు. నాలుగు రోజులుగా ఆవిడ గేర్లు చాలా గట్టిగా మారుస్తున్నారు. అది గేర్ బాక్సుకి మంచిది కాదు.

ఇట్లు
మెకానిక్


రసాయన ప్రయోగశాల
జూన్ 11

అక్కా,

గేర్లు మెల్లగా మార్చు. కారణం తరవాత చెబుతాను.

నిన్న పెద్ద సారు వచ్చారు. గ్రాఫు, చిరిగిన కాగితం, నీ ఉత్తరంలోని సంగతులు, ఇంకొక ఉత్తరం, ఒక బావి బొమ్మ పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను. ఏడో మలుపు అని నేను చెప్పినదంతా తప్పు అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా చివరిదాకా చెప్పాను. నా మొహం చూడకుండా ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. ఇక నా సామాను సర్దుకోవడమే అనుకున్నాను.

"బావి లోతు ఎంత?" అన్నారు.

"నలభై ఒక్క అడుగులు సార్."

"నీళ్ళున్నాయా?"

"ఎండిపోయింది సార్."

"తాడు గట్టిదేనా?"

"సార్, మీకు అరవై రెండేళ్ళు."

"నేను తాడు సంగతి అడిగాను."

అక్కా, మెకానిక్ గారు నాకు మూడు రాళ్ళు పంపారు, నీకు తెలియకుండా. మూడింటినీ యంత్రానికి పెట్టాకే సారు దగ్గరికి వెళ్ళాను. మూడింటిలోనూ గోపురమే. లోతుకి పోయేకొద్దీ తెల్లగింజలు ఎక్కువ, గోపురం ఎత్తు ఎక్కువ. ఏడో మలుపు మాట తప్పు, కానీ రాయి నిజం. ముప్పై ఏళ్ళు ఎవరికీ కనపడనిది మీ ఆయన బండి చక్రం కింద ఉంది.

మీ ఆయన అని రాసేశాను. కొట్టెయ్యను.

ఇక నా కోపం గురించి. రాయి మార్చినందుకు ఒక్క రోజు కోపం వచ్చింది. మిగతా రోజులన్నీ వేరే దానికి. నా పెళ్ళయ్యాకే నీ సంగతి అని నేనెప్పుడు అడిగాను? నాకు పెళ్ళి తొందర లేదు, అసలు చేసుకుంటానో లేదో తెలియదు. అంటే నువ్వు ఎప్పటికీ గుమ్మంలోనే నిలబడి ఉండాలా? ఆ మాట చెప్పినప్పుడు నాకు పదహారేళ్ళు. చుట్టాల ముందు చెప్పావు గానీ నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడిగావనుకుని చెబుతున్నాను: ఆ మాట నేను రద్దు చేస్తున్నాను. పదేళ్ళు ఆలస్యంగా.

వచ్చే నెల నాలుగో తారీఖు బస్సుకి నేనూ సారూ వస్తున్నాం. ముందు సీట్లు ఉంచు. ఏడో మలుపు దగ్గర ఆపు, ఈసారి నేనే కొడతాను.

నీ
పిచ్చుక


బస్సు డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది
జూలై 15

పిచ్చుకా,

మీరు వెళ్ళి పది రోజులైంది, ఊరు ఇంకా మీ గురించే మాట్లాడుకుంటోంది. మీ సారు బావిలో కూర్చుని, టీ తాగడానికైనా పైకి రానన్న సంగతి బస్సులో రోజుకి రెండుసార్లయినా చెప్పమంటున్నారు. మెకానిక్ గారి అమ్మగారికి మాత్రం ఇప్పటికీ మీ సారు బావులు తవ్వే మేస్త్రీ. "అంతసేపు లోపలున్నాడు, రాళ్ళే గానీ నీళ్ళేవి?" అని నన్ను అడిగారు. పెద్దవాళ్ళని నొప్పించడమెందుకని, ఈసారి తప్పకుండా పడతాయని చెప్పాను.

తాడు పట్టుకున్నంతసేపూ ఆయన మీ సారు వైపే చూస్తున్నారు, నువ్వు నా వైపు చూస్తున్నావు, నేను ఎటు చూడాలో తెలియక బావి గట్టు మీద ఇటుకలు లెక్కపెట్టాను. నాకు తెలియదనుకున్నావా? బస్సెక్కుతూ నువ్వు ఆయన చెవిలో ఏదో చెప్పావు. ఏమిటని అడిగితే ఇద్దరూ చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఆయన పనిముట్లు ఎక్కడ పెట్టారో మరిచిపోతున్నారు. పదమూడో నంబరు స్పానరు నా లంచ్ డబ్బాలో దొరికింది.

నిన్న మొదటి ట్రిప్పు అయ్యాక ఇక్కడికి వచ్చారు. విశ్రాంతి గదికి ఆయన ఎప్పుడూ రారు. గదిలో ఇద్దరు డ్రైవర్లు టీ తాగుతున్నారు. వాళ్ళు లేచి వెళ్తారేమోనని చూశారు. వాళ్ళు కదల్లేదు. సరే అనుకుని జేబులోంచి సెలవు చీటీ ఒకటి తీసి నా ముందు పెట్టారు. పేరు రాసి ఉంది, హోదా రాసి ఉంది, ఆగస్టు ఇరవై ఒకటి నుంచి నాలుగు రోజులని రాసి ఉంది.

"అంతా నింపాను. కారణం దగ్గర ఏం రాయమంటారు?" అన్నారు.

పిచ్చుకా, ఇరవై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాను. బ్రేకులు ఫెయిలైనప్పుడు కూడా నేను కంగారుపడలేదు, ఆ చీటీని మాత్రం తలకిందులుగా పట్టుకుని చదివాను. టీ తాగుతున్నవాళ్ళు తాగడం మానేశారు.

"పెళ్ళి అని రాయండి" అన్నాను.

రాశారు. రాసి, కింద సంతకం పెట్టి, కాగితం ఊది ఆరబెట్టి, నా చీటీ ఎక్కడుందని అడిగారు. నాకూ ఒకటి తెచ్చారు. పక్కపక్కన కూర్చుని అదే కారణం నేనూ రాశాను. మేనేజరు గారు రెండూ చూసి, ఒకే రోజు మెకానిక్‌కీ డ్రైవర్‌కీ సెలవిస్తే బస్సు ఎవరు నడుపుతారని గొడవపెట్టి, ఆఖరికి తనే నడుపుతానన్నారు.

రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షులు ముగ్గురు చాలట. మా వైపు నుంచి ఒక బస్సెడు మంది వస్తున్నారు. గొడుగు పెద్దావిడ ముందు సీటు ఇప్పుడే పట్టేసింది. నువ్వు రెండు రోజుల ముందే రా. నాకు చీర ఎంచడం చేతకావడం లేదు.

అక్క


సదస్సు జరిగే ఊరు, బస చేసిన గది
సెప్టెంబరు 21

అక్కకూ, బావగారికీ,

ఈ పిలుపు రాయడానికే ఉత్తరం మొదలుపెట్టాను. మూడుసార్లు రాసి చూసుకున్నాను. బాగుంది.

ఇవాళ నా వంతు అయింది. శీర్షిక మార్చుకున్నానని చెప్పి, ఎందుకు మార్చుకున్నానో మొదటి నిమిషంలోనే చెప్పేశాను. వానలో కొట్టిన రాయి, మారిపోయిన పొట్లం, బండి చక్రం, బావి. హాలంతా నవ్వింది. నవ్వనిచ్చాను. తరవాత పదకొండు లావాల గీతలు తెర మీద పెట్టాను, జూలైలో నేనే కొట్టిన అసలు ఏడో మలుపు రాయిది కూడా కలిపి పన్నెండు. అన్నిటిలో గుంట. వాటి మీద బావి రాళ్ళ గీతలు వేశాను. గుంట ఉన్న చోటే గోపురం. నవ్వులు ఆగిపోయాయి. వెనక వరసల్లో ఫోటోలు తీసుకోవడానికి కొందరు లేచి నిలబడ్డారు.

ప్రశ్నల దగ్గర ముందు వరసలోని ఒక పెద్దమనిషి గట్టిగానే పట్టుకున్నారు. ఒకసారి నమూనా తారుమారైనచోట ఇవి మాత్రం సరైనవని ఏమిటి నమ్మకమన్నారు. న్యాయమైన ప్రశ్నే. బావగారు గీసిన బావి బొమ్మ చూపించాను. ఏ అడుగు దగ్గర ఎవరు కొట్టారో, మళ్ళీ ఎవరు దిగి సరిచూశారో చెప్పాను. ఆయన ఇంకా నసుగుతుంటే మా పెద్ద సారు లేచారు.

"ముప్పై ఏళ్ళ కింద నేను ఒక మాట రాశాను. ఇది మైళ్ళ లోతున ఉంది, ఎవరూ చూడలేరని. మీలో చాలామంది అది చదివే పరీక్షలు రాశారు. అది తప్పు. అది నలభై ఒక్క అడుగుల కింద ఉంది. నేను దిగి చూశాను" అన్నారు.

తప్పని చెప్పేటప్పుడు మనిషి మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తరవాత ఆయన తాడు గురించి, ముడి గురించి, ఆ ముడి వేసిన మెకానిక్ గురించి చెప్పడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. సభ నడుపుతున్నావిడ రెండుసార్లు గంట కొట్టాల్సి వచ్చింది.

ఉద్యోగం మూడేళ్ళు పొడిగించారు. కాగితం నా చేతిలోనే ఉంది, దీని మీదే ఉత్తరం పెట్టి రాస్తున్నాను.

హాలు బయట మెట్ల మీద కూర్చుని నవ్వుతూనే ఉన్నాను. దారినపోయేవాళ్ళు ఏమైందోనని చూస్తున్నారు. కాసేపటికి సారు వచ్చి పక్కనే కూలబడ్డారు. తరవాత ఆయన చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, గొంతు తగ్గించి అడిగారు:

"మీ బావగారి వీధిలో ఇంకెవరి పెరట్లో అయినా బావి ఉందా?"

మీ
పిచ్చుక